50 ఏళ్ల ఎడిషన్ ఎల్పీ కొంటున్నారా? ఏది ఎంచుకోవాలి, ఇంటికొచ్చాక ఎలా పరీక్షించాలి?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ 1973 మార్చిలో ఎల్పీగా, అంటే పెద్ద వినైల్ రికార్డుగా వచ్చింది. 2003లో 30 ఏళ్ల ఎడిషన్, 2011లో పెద్ద పెట్టె, 2016లో మళ్లీ ఎల్పీ, 2023లో 50 ఏళ్ల బాక్స్ సెట్. అట్ట మీద ఎప్పుడూ అదే పట్టకం, అవే ఆరు రంగులు. లోపలి గాడులు మాత్రం ఒక్కటి కావు. అందుకే స్టిక్కర్ మీది అంకె చూసి డబ్బు కట్టేయకండి.

1. రీమాస్టరా, రీమిక్సా?

రీమిక్స్ అంటే కూర మళ్లీ వండటం: గొంతు, డ్రమ్స్, గిటార్ ఉన్న విడి ట్రాకుల నుంచి పాళ్లు కొత్తగా కలుపుతారు. రీమాస్టర్ అంటే వండిన కూరలో ఉప్పూ కారం సరిచూడటం. బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’కు 50 ఏళ్లు నిండినప్పుడు 2017లో నిర్మాత గైల్స్ మార్టిన్ చేసింది రీమిక్స్. ‘డార్క్ సైడ్’ స్టీరియో ఎల్పీలు ఏ ఏడాదివైనా 1973 నాటి మిక్సే. సౌండ్ ఇంజనీర్ జేమ్స్ గత్రీ చేసిన 5.1, అట్మాస్ (చుట్టూ చాలా స్పీకర్లతో వినేవి) మాత్రం కొత్త మిక్సులు. ఇంట్లో ఉన్నవి రెండే స్పీకర్లయితే అట్మాస్ కోసం బాక్స్ సెట్ కొనడం దండగ. అందులోని 1974 వెంబ్లీ కచేరీ విడిగానూ విడుదలైంది.

2. ఎవరు, దేని నుంచి చేశారో చూడండి

2003 ఎల్పీని అసలు అనలాగ్ టేపు నుంచి డగ్ సాక్స్, కెవిన్ గ్రే మాస్టర్ చేశారు. 2016 ఎల్పీ జేమ్స్ గత్రీ, జోయెల్ ప్లాంటే, బెర్నీ గ్రండ్‌మన్‌ల పని. సెకండ్ హ్యాండ్‌లో కొంటే పాటలు అయిపోయాక లేబుల్ దాకా మిగిలే నున్నటి పట్టీ ఫొటో అడగండి. దీపం కింద ఏటవాలుగా పట్టి తీస్తేనే అక్కడి గీతలు, అంకెలు కనిపిస్తాయి. ‘బ్రిటన్ ఫస్ట్ ప్రెస్’ అని రేటు చెబితే లేబుల్ మీద లోపలంతా నీలం నిండిన త్రికోణం, పట్టీలో ఒక పక్క ఎ-2, రెండో పక్క బి-2 అని చెక్కి ఉండాలి. త్రికోణం గీత మాత్రమే ఉంటే అది తర్వాతి ప్రెసింగ్ (తర్వాత అచ్చొత్తిన ప్రతి). అప్పట్లో అట్టలో రెండు పోస్టర్లు, రెండు స్టిక్కర్లు వచ్చేవి. అవి లేకపోతే బేరమాడండి.

2024లో వచ్చిన పారదర్శక ఎల్పీ సంగతి వేరు. రెండు డిస్కులకూ పాటలు ఒక్కో పక్కే ఉంటాయి, రెండో పక్క బొమ్మ. బొమ్మ మీద ముల్లు పెట్టకండి.

3. పార్సిల్ విప్పడం

సీల్ కోసే ముందే ఫోన్‌లో వీడియో మొదలుపెట్టి, డిస్కు రెండు పక్కలూ చూపించే దాకా ఆపకండి. రిటర్న్ అడిగినప్పుడు మీకున్న సాక్ష్యం అదే. ఎండాకాలం వ్యాన్‌లో మగ్గి వచ్చిన పార్సిల్‌ని గదిలో బల్లపరుపుగా గంటసేపు ఉంచాక విప్పండి, వేడెక్కిన వినైల్ వంగుతుంది. ఆర్డర్ చేసేటప్పుడే ‘డిస్కు అట్ట బయట పెట్టి పంపండి’ అని రాస్తే మంచిది (సీల్ తీయడానికి అభ్యంతరం లేకపోతేనే). లేదంటే దారిలో కుదుపులకు డిస్కు అంచు తగిలి అట్ట కుట్టు దగ్గర చిరుగుతుంది.

4. ముల్లు పెట్టకముందు

కొత్తదైనా తుడవాల్సిందే, లోపలి కాగితం కవరు పొడి గాడుల్లో ఉంటుంది. నాలుగు పాళ్లు డిస్టిల్డ్ వాటర్, ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లీటరుకు ఒక్క చుక్క గిన్నెల సోపు ద్రావణం. మైక్రోఫైబర్ గుడ్డతో గాడి దారిలోనే, గుండ్రంగా తుడిచి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడవండి. లేబుల్ తడవకూడదు. తాతల నాటి 78 రికార్డులకు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి, వాటిలోని లక్క కరిగిపోతుంది.

తర్వాత డిస్కును ప్లేయర్ పళ్లెం మీద పెట్టి తిప్పి, కళ్లు దాని మట్టానికి తెచ్చి అంచు చూడండి. మెల్లగా లేచి పడే వంపును ముల్లు దాటుతుంది. చటుక్కున లేచే వంపయితే ముల్లు ఎగురుతుంది, తిప్పి పంపేయండి.

5. ఎక్కడెక్కడ వినాలి

ఈ ఆల్బమ్‌ను పరీక్ష కోసమే చేశారా అనిపిస్తుంది. మొదటి పక్క గుండె చప్పుడుతో, చాలా తక్కువ శబ్దంతో మొదలవుతుంది. చిటపటలుంటే అక్కడే తెలుస్తుంది. ఎల్పీ ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. ‘టక్’ సరిగ్గా ఆ లెక్కన మళ్లీ మళ్లీ వస్తే అది గాడులకు అడ్డంగా పడ్డ గీత లేదా ప్రెసింగ్‌లో మిగిలిన బొడిపె, తుడిస్తే పోదు. ఎప్పుడో ఒకటి వస్తే దుమ్ము కావచ్చు, మళ్లీ తుడిచి చూడండి. బర్రుమని గీరినట్టు కొంతసేపు సాగితే, ప్రెస్‌లో ప్లాస్టిక్ గాడిని పూర్తిగా నింపలేదన్నమాట. అది ఎన్నిసార్లు తుడిచినా అంతే.

‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’లో పియానో స్వరం ఊగుతూ ఉంటే డిస్కు రంధ్రం నడిమధ్యలో లేదని అర్థం. టోన్ ఆర్మ్ (ముల్లును మోసే చేయి) వైపు చూడండి, అదీ ఎడమకూ కుడికీ ఊగుతుంది. అదే పాటలో క్లేర్ టోరీ గొంతు పైస్థాయిలో చీలినట్టు వినిపిస్తే తొందరపడి రికార్డును తప్పుపట్టకండి. ఆ పాట మొదటి పక్క చివర ఉంది. బయటి గాడిలో ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు జారితే, లోపలి అంచు దగ్గర 21 మాత్రమే. ముల్లు బరువు, యాంటీ స్కేట్ (టోన్ ఆర్మ్ లోపలికి లాగకుండా ఆపే అమరిక), కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించిన భాగం) కోణం కొంచెం తప్పినా అక్కడే బయటపడుతుంది. బరువు కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పినంతే పెట్టి, మరో ఎల్పీలో చివరి పాట వినండి. అక్కడా చీలితే లోపం మీ సెటప్‌లోనే.

6. పాతదానితో పోల్చేటప్పుడు

కాస్త గట్టిగా మోగేదే చెవికి బాగుంటుంది. ఒకే పాటలో అదే 30 సెకన్లు రెండింటిలో పెట్టి, ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్‌తో తేడా 1 డెసిబెల్ లోపుకు తెచ్చాకే తీర్పు చెప్పండి.

7. దాచడం

కాగితం కవరు తీసేసి ప్లాస్టిక్ పొర ఉన్నది వాడండి. రికార్డులు నిలువుగా ఉండాలి, ఎండకు వేడెక్కే పడమటి గోడకు ఆనించొద్దు. మడతపెట్టిన పోస్టర్లను డిస్కు ఉన్న జేబులో కాకుండా అట్ట రెండో జేబులో పెట్టండి.