‘కుదరదు’ అన్న ప్రతిసారీ రాసిపెట్టుకోండి

మా గ్రంథాలయం బల్ల మీద ఒక రూళ్ల నోటుపుస్తకం ఉంటుంది. పాఠకులు అడిగినదాన్ని కాపీరైటు కారణంగా ఇవ్వలేకపోయిన ప్రతిసారీ అందులో ఒక వరుస రాస్తాను. ఏ తేదీన, ఏ రచన, దేనికోసం అడిగారు, మేము ఏం చెప్పాము, చివరికి వారు ఏం చేశారు. పాఠకుల పేరు మాత్రం రాయను. కాపీరైటు చట్టంలో మార్పు కోరాలనుకునే గ్రంథాలయాలకు నేను మొదట చెప్పేది ఈ నోటుపుస్తకం గురించే. వినతిపత్రం సంగతి ఆ తర్వాత.

మొదటిసారి చట్టసభ సంఘం ముందు కూర్చున్నప్పుడు నా దగ్గర ఇది లేదు. జ్ఞానం అందరికీ అందాలని పది నిమిషాలు మాట్లాడాను. ఒక సభ్యురాలు శాంతంగా విని, "మీరు ఇవ్వలేకపోయిన పుస్తకం ఒకటి చెప్పండి" అన్నారు. ఎన్నో ఉన్నాయని తెలుసు, ఒక్కటీ నోటికి రాలేదు. ఆ రోజు నుంచి రాస్తున్నాను.

కనీసం మూడు నెలలు రాయండి. తర్వాత సహోద్యోగులతో కూర్చుని ప్రతి వరుస పక్కన ఒక ప్రశ్న వేసుకోండి: అడ్డుపడింది ఏది? చట్టమా, లైసెన్సు పత్రమా, ప్రతి తీయకుండా ఫైలుకు వేసే డిజిటల్ తాళమా, మన భయమా?

భయం వాటా మీరు అనుకున్న దానికన్నా పెద్దదిగా తేలుతుంది. చూపులేని ఒక విద్యార్థి పాఠ్యపుస్తకాన్ని ధ్వని రూపంలో అడిగితే, ప్రచురణకర్త అనుమతి రావాలని మేము వారాల తరబడి ఆపాము. అప్పటికే చట్టం ఆ అనుమతి అవసరం లేదని చెబుతోంది. 2013లో కుదిరి 2016లో అమల్లోకి వచ్చిన మరాకేష్ ఒడంబడిక సారాంశమే అది. అందులో చేరిన దేశాలు, అచ్చు చదవలేనివారికి అనువైన ప్రతిని హక్కుదారు అనుమతి లేకుండా తయారుచేసే వీలు తమ చట్టంలో కల్పించాలి. ఆ విద్యార్థి పరీక్షకు మేము చేసిన ఆలస్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కాబట్టి మీ దేశపు చట్టంలో గ్రంథాలయాల మినహాయింపులు, అంటే హక్కుదారు అనుమతి లేకుండా చేయగలిగిన పనులు, ఉన్న నిబంధనలను స్వయంగా, పూర్తిగా చదవండి. ఉదాహరణకు భారత చట్టంలో 2012లో చేర్చిన ఒక నిబంధన ప్రకారం, వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయం తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న రచనను భద్రపరచడానికి డిజిటల్ రూపంలో నిల్వ చేయవచ్చు. భయం వల్ల పుట్టిన ‘కుదరదు’లను చట్టసభకు తీసుకువెళ్లకండి, మీ గ్రంథాలయంలోనే సరిదిద్దుకోండి.

లైసెన్సు పత్రం అలా కాదు. అచ్చు పుస్తకం కొన్నాక దాన్ని అరువివ్వడానికి, చినిగితే కుట్టించడానికి ఎవరినీ అడగనక్కరలేదు. ఈ-పుస్తకాన్ని సాధారణంగా మనం కొనడం లేదు, షరతుల మీద కొంతకాలం వాడుకుంటున్నాము. చట్టం ఒక చేత్తో ఇచ్చినదాన్ని ఆ షరతు మరో చేత్తో తీసుకోగలదు. భద్రపరచుకోవచ్చని చట్టం అంటుంది, ప్రతి తీయరాదని లైసెన్సు అంటుంది. దీనికి మందు ఒక్క వాక్యం: ‘ఈ మినహాయింపును అడ్డుకునే ఒప్పంద షరతు చెల్లదు.’ బ్రిటన్ 2014లో భద్రపరిచే ప్రతుల విషయంలో ఇలాంటి వాక్యాన్నే చట్టంలో పెట్టింది. ఐరోపా సమాఖ్య 2019 నాటి ఆదేశంలోనూ ఉంది. ఒక్కటే కోరే అవకాశం వస్తే నేను ఈ వాక్యాన్నే కోరుతాను.

డిజిటల్ తాళానికీ ఇదే తర్కం. మినహాయింపు ఉన్నా తాళం తీయడమే నేరమైతే, ఆ మినహాయింపు కాగితం దాటి రాదు.

చట్టమే నిజంగా అడ్డైన చోట, ముఖ్యంగా ఈ-పుస్తకాలు అరువివ్వడంలో, తీర్పులను ఎంచి చూపించకండి. ఒక ప్రతిని ఒకసారికి ఒక్క పాఠకుడికి ఇచ్చే పద్ధతిని కొన్ని షరతులతో అచ్చు పుస్తకం అరువుతో సమానంగా చూడవచ్చని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2016లో చెప్పింది. తమ దగ్గరున్న అచ్చు పుస్తకాలను స్కాన్ చేసి అదే లెక్కన అరువివ్వడం న్యాయమైన వినియోగం (అనుమతి లేకుండా వాడుకోవడానికి అమెరికా చట్టం ఇచ్చే వెసులుబాటు) కాదని 2024లో అమెరికా అప్పీలు కోర్టు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కేసులో తేల్చింది. మొదటిది చెప్పి రెండోది దాస్తే, ఎదుటివారు దాన్ని బయటపెట్టిన క్షణంలోనే మీ మిగతా మాటల విలువ పోతుంది. రెండూ చెప్పి, అందుకే చట్టంలో స్పష్టత కావాలనండి.

ఇక కోరికను నిబంధన రూపంలోనే రాయండి. ‘అందుబాటు పెంచాలి’ అనే మాటతో ముసాయిదా రాసే అధికారి చేయగలిగింది ఏమీ లేదు. ఎవరు, ఏ రచనను, ఏ పనికి, ఏ హద్దులో వాడవచ్చో నాలుగు వరుసల్లో పెట్టండి. కాపీరైటుపై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒడంబడిక నుంచి వచ్చిన, ఏ మినహాయింపైనా దాటాల్సిన మూడు మెట్ల పరీక్షకు మీరే ముందుగా జవాబివ్వండి: ఇది ప్రత్యేక సందర్భమేనా, రచన మామూలు అమ్మకానికి అడ్డా, హక్కుదారుకు అన్యాయమైన నష్టమా. మా వినతిలో పొట్టు రాలుతున్న పాత టేపుల గురించి రాసినప్పుడు, ఆ రికార్డింగులు ఎక్కడా అమ్మకంలో లేవని చూపే వెతుకులాట వివరాలను జతచేశాము. ఆ ఒక్క జాబితా మీదే ఎక్కువసేపు చర్చ జరిగింది.

సమర్పించే ముందు రచయితలను కలవండి. వాళ్లను ప్రత్యర్థులుగా ఊహించుకోవడం గ్రంథాలయాలు చేసే పెద్ద తప్పు. పుస్తకం మార్కెట్లో దొరకని రచయితకు మనకన్నా ఎక్కువ బాధ ఉంటుంది. ఆదాయం గురించి వారి ఆందోళన కూడా న్యాయమైనదే. గ్రంథాలయ అరువులకు రచయితలకు ప్రభుత్వమే సొమ్ము చెల్లించే పద్ధతిని డెన్మార్క్ 1946లోనే మొదలుపెట్టింది. అలాంటిది మీ దేశంలో లేకపోతే, మీ కోరికతో పాటు దాన్నీ కోరండి. ఒక్క రచయిత సంతకం చేసి ఇచ్చిన లేఖ పది గ్రంథాలయాల లేఖలకన్నా బరువుగా ఉండటం నేను చూశాను.

సమావేశానికి రెండు పేజీలు చాలు. మొదటి పేజీలో నోటుపుస్తకం నుంచి మూడు వరుసలు, రెండో పేజీలో నిబంధన.

ముసాయిదా బయటికి వచ్చాక చాలామంది ఊపిరి పీల్చుకుని ఆగిపోతారు. అసలు పని అక్కడుంది. నోటుపుస్తకం తెరిచి ఒక్కో వరుసనూ ముసాయిదాకు పెట్టి చూడండి: ఈ నిబంధనతో ఈ పాఠకుడికి ఇప్పుడు ఇవ్వగలమా? మేము అలా చూసినప్పుడు ‘గ్రంథాలయ ప్రాంగణంలోని తెరల మీద మాత్రమే’ అన్న మాట కనిపించింది. మా నోటులో సగానికి పైగా గ్రంథాలయానికి రాలేనివారు అడిగినవే. ఆ వరుసలన్నీ తేదీలతో సహా తిరగరాసి, మర్నాడు ఉదయమే సంఘం కార్యాలయంలో ఇచ్చి వచ్చాము.