పెళ్లి కార్డుల ఫ్రేముతో బ్యాటరీ అచ్చు

హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా స్క్రీన్ ప్రింటింగ్‌తో, అంటే ఫ్రేముకు బిగించిన జల్లెడ బట్టలోంచి ఇంకు నొక్కి, పెళ్లి కార్డులు అచ్చు వేస్తున్నాను. మేడారం జాతర జనంలో కొడుకు తప్పిపోతాడేమోనని మా మేనకోడలు వాడికి చీకట్లో ఎర్రగా వెలిగే చేతిపట్టీ చేసిపెట్టమంది. బిళ్ల బ్యాటరీ మాత్రం వద్దంది, పసివాళ్లు మింగేస్తారని. అందుకే బ్యాటరీనే అచ్చు వేశాను.

ఇది మన పాత టార్చి సెల్లే, పలుచగా పరిచామంతే. ఒకవైపు జింకు, మరోవైపు మాంగనీస్ డయాక్సైడ్, మధ్యలో నవాసాగరం. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడేదే. లిథియం జోలికి ఇంట్లో వెళ్లకండి.

కార్డులకు వాడే 120 మెష్‌లో, అంటే సెంటీమీటరుకు 120 దారాలుండే జల్లెడ బట్టలో, జింకు పొడి ఇరుక్కుపోతుంది. బట్టల మీద అచ్చుకు వాడే 43 మెష్ తీసుకోండి. ఎమల్షన్, అంటే అచ్చు పడకూడని చోట మెష్‌ను మూసే పూత, నీటికి నిలిచేదై ఉండాలి. మామూలుది వాడితే నాలుగో అచ్చుకే నా ఫ్రేము మీది పూత జారిపోయింది. పొడులు కలిపేటప్పుడు మూతికి మాస్కు, చేతికి తొడుగులు తప్పనిసరి.

రెండు పాలిస్టర్ షీట్ల మీద ముందు కార్బన్ ఇంకు వేసి, ఆరాక మళ్లీ వేయండి. ఒక్క పూతతో కరెంటు సరిగా సాగదు. ఒక కొస తోకలా బయటికి ఉంచాలి, తీగ తగిలించేది అక్కడే. రాగి తీగ లోపలి తడికి తగిలితే చిలుము పడుతుంది.

ఒక షీటు మీద జింకు పొడిని సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) జిగురుతో కలిపి వేయండి. దీనిలో నవాసాగరం కలిపి సీసాలో బిగించి దాచకండి, గ్యాసు పుడుతుంది. రెండో షీటు మీద మాంగనీస్ డయాక్సైడ్ ఎనిమిది పాళ్లు, గ్రాఫైట్ రెండు పాళ్లు, అదే జిగురుతో. నాలుగు సెంటీమీటర్ల పొడవు, మూడు వెడల్పు చాలు. జిగురు ఎక్కువైతే కరెంటుకు అడ్డు, తక్కువైతే వంచగానే పగుళ్లు.

మైదా గంజి కాచి చల్లార్చి, 100 మిల్లీలీటర్లకు 20 గ్రాముల నవాసాగరం, కొన్ని చుక్కల గ్లిజరిన్ కలపండి. వడపోత కాగితాన్ని అందులో తడిపి రెండు షీట్ల మధ్య పెట్టండి. కాగితం అచ్చు కంటే చుట్టూ మూడు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి, లేకపోతే రెండు పూతలూ తగిలి సెల్లు అక్కడికక్కడే చస్తుంది.

అచ్చు ఎవరైనా వేస్తారు, అసలు పనంతా అంచులు మూయడంలోనే ఉంది. మే నెలలో చేసిన నా మొదటి సెల్లు సాయంత్రం బాగానే పలికింది, పొద్దునకల్లా ఎండి అప్పడమైంది. పాలిస్టర్ దానంతట అది అతుక్కోదు కాబట్టి సెల్లును లామినేషన్ కవరులో పెట్టి, కిరాణా కొట్టులో ప్లాస్టిక్ కవర్లు అంటించే యంత్రంతో నాలుగు అంచులనూ రెండేసి సార్లు నొక్కండి. మొత్తాన్నీ లామినేషన్ యంత్రంలో దూర్చితే లోపలి తడి ఉడికిపోతుంది.

మీటరులో ఒక్కో సెల్లు 1.5 వోల్టుల దరిదాపుల్లో చూపాలి. ఎర్ర ఎల్‌ఈడీ వెలగాలంటే రెండు సెల్లులు వరుసగా కలిపి, మధ్యలో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. మసకగానే వెలుగుతుంది, చీకట్లో అది చాలు. గాజు సీసా చుట్టూ వంచి చూడండి, మడత మాత్రం పెట్టకండి. ఇది ఛార్జింగ్ పెట్టేది కాదు, పెడితే ఉబ్బి తడి కారుతుంది.

మా మనవడి పట్టీ రాత్రి తొమ్మిదింటికి కడితే తెల్లవారేదాకా వెలిగింది. వాడు దాన్ని నీళ్ల బకెట్లో కూడా ముంచి చూశాడు.