కారు ఏసీ చల్లబరచడం లేదా? గ్యాస్ పట్టించే ముందు చూడాల్సినవి

రోళ్లు పగిలే ఎండలో కారు ఏసీ మొరాయిస్తే షెడ్డులో వినిపించే మొదటి మాట "గ్యాస్ అయిపోయింది సార్". పెట్రోలులా ఖర్చయ్యే సరుకు కాదది, పైపుల్లోనే తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల నుంచి, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెషర్ సీలు నుంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం సహజమే. కానీ నిరుడు నింపిన గ్యాస్ ఈ వేసవికి లేదంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. దాన్ని పట్టుకోకుండా మళ్లీ నింపించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. అందుకే పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు, గేజీలు తర్వాత, స్పానర్లు చివర.

మొదట ఒక కొలత తీసుకోండి. కారును నీడలో ఆపి, అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి, బ్లోయర్ మధ్యస్థంగా పెట్టండి. పది నిమిషాల తర్వాత మధ్య వెంట్‌లో మామూలు థర్మామీటరు పెట్టి చూడండి. బయట 38 డిగ్రీలున్నప్పుడు వెంట్ గాలి 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటే ఏసీ బాగున్నట్టే. కారు ఎండలో నిలబడి కాగిపోవడం వేరు, ఏసీ చెడిపోవడం వేరు. 16 డిగ్రీలు దాటితే మాత్రం కింది లక్షణాల్లో మీది ఏదో చూడండి.

చల్లగానే ఉంది, గాలే రావడం లేదు

గ్లోవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ తీసి వెలుతురుకు పట్టి చూడండి. దుమ్ముతో అట్టకట్టి ఉంటే మార్చేయండి. చాలా కార్లలో స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేని పని. బ్లోయర్ నాలుగో నంబరు మీదే తిరిగి, 1, 2, 3లో తిరగకపోతే ఫిల్టర్ తప్పు కాదు, బ్లోయర్ రెసిస్టర్ కాలిపోయింది. చిన్న భాగం, రెండు స్క్రూలు. బ్లోయర్ మోటారు మొత్తం మార్చాలంటే ఒప్పుకోకండి.

రోడ్డు మీద చల్లగా, సిగ్నల్ దగ్గర వేడిగా

పరుగెత్తే కారులో, ముందు భాగంలో ఉండి గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు ఎదురుగాలి తగులుతుంది. ఆగిన కారుకు ఫ్యానే దిక్కు. ఏసీ వేశాక కాసేపటికి ముందున్న ఫ్యాను తిరగాలి. తిరగకపోతే దాని ఫ్యూజు, రిలే, తర్వాత మోటారు చూడాలి. బాగానే తిరుగుతుంటే కండెన్సర్ రెక్కల్లో దూది, ఊక, పురుగులు ఇరుక్కున్నాయేమో చూడండి. వరి కోతల కాలంలో డెల్టా రోడ్ల మీద తిరిగిన కారుకు ఇది మామూలే.

తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది. కారు ఆగి ఉండగా దూరం నుంచి పైపుతో కండెన్సర్ మీద నీళ్లు చల్లండి. వెంటనే చల్లదనం పెరిగితే దోషం గ్యాస్‌ది కాదు, గాలిది. ఫ్యాను ఎప్పుడైనా తిరగొచ్చు కాబట్టి చెయ్యి లోపల పెట్టకండి. కడిగేటప్పుడు ఇంజను ఆపి, మామూలు కుళాయి ధారతోనే కడగండి. ప్రెజర్ గన్‌తో కొడితే పల్చటి రెక్కలు వంగిపోయి దారి మరింత మూసుకుంటుంది.

అరగంట బాగా పనిచేసి ఆగిపోతుంది

మెకానిక్‌లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు జబ్బులివి.

గాలి క్రమంగా తగ్గిపోయి, ఏసీ ఆపి పది నిమిషాలు ఉత్త బ్లోయర్ తిప్పితే మళ్లీ వస్తోందంటే లోపలి కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకడుతోంది. కాయిల్ మరీ చల్లబడ్డప్పుడు కంప్రెషర్‌ను ఆపించాల్సిన సెన్సర్ ఆ పని చేయడం లేదు. ఫిల్టర్ మూసుకుపోయినా ఇలాగే అవుతుంది, కాబట్టి ముందు ఫిల్టర్, తర్వాత సెన్సర్.

గాలి తగ్గకుండా వేడిగా మారుతోందంటే, బెల్టుతో తిరిగే పుల్లీకి కంప్రెషర్‌ను అతికించే క్లచ్‌ను అనుమానించండి. వేడెక్కేకొద్దీ క్లచ్ కాయిల్ లాగే బలం తగ్గుతుంది. ఏళ్లపాటు అరిగి ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందు పెరిగితే ఆ బలం చాలదు. ఆగిన క్షణంలో మల్టీమీటరుతో క్లచ్ కనెక్టర్ దగ్గర చూడండి. 12 వోల్టులు వస్తున్నా ప్లేటు అతుక్కోకపోతే లోపం క్లచ్‌దే. ఇంజను ఆపి ఫీలర్ గేజీతో సందు కొలవండి. సాధారణంగా 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే ప్లేటు విప్పి లోపలి పల్చటి వాషర్లలో ఒకటి తీసేస్తే సరిపోతుంది. గ్యాస్ తీయక్కర్లేదు, కంప్రెషర్ దింపక్కర్లేదు. ఈ పనికి కొత్త కంప్రెషర్ అమ్మేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

అసలు చల్లదనమే లేదు

ఏసీ బటన్ నొక్కగానే బానెట్ కింద "టక్" మని వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు చూడండి, తర్వాత ఏసీ రిలే తీసి, దాని మీదున్న నంబరే ఉన్న హారన్ రిలేను అక్కడ పెట్టి చూడండి. కొన్ని కొత్త కార్ల కంప్రెషర్లకు క్లచ్ ఉండదు, వాటికి ఈ చప్పుడు పరీక్ష వర్తించదు.

రిలే మార్చినా ఫలితం లేకపోతే గ్యాస్ బాగా తగ్గి ప్రెజర్ స్విచ్ కంప్రెషర్‌ను ఆపేసి ఉండొచ్చు. ఇక గ్యాస్ ప్రెజర్ కొలిచే గేజీలు కావాలి. ఇంజను ఆపి, చల్లారాక, 35 డిగ్రీల ఎండలో ఆర్134ఏ రకం గ్యాస్ ఉన్న కారులో రెండు గేజీలూ దాదాపు 114 పీఎస్ఐ (ప్రెజర్ కొలమానం) చూపాలి. 50 చూపితే లోపల దాదాపు ఏమీ లేనట్టే. అయితే 114 చూపిందని గ్యాస్ నిండుగా ఉందనుకోకండి. లోపల కొంచెం ద్రవరూప గ్యాస్ మిగిలినా ముల్లు అక్కడే నిలుస్తుంది.

ఇంజను 1,500 ఆర్‌పీఎం మీద ఉంచి చూస్తే, అదే ఎండలో చిన్న గేజీ (తక్కువ ప్రెజర్ వైపుది) సుమారు 35–50, పెద్దది (ఎక్కువ ప్రెజర్ వైపుది) 210–280 చూపాలి. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువైంది, లేదా కండెన్సర్‌కు గాలి అందడం లేదు. చిన్నది పెరిగి పెద్దది తగ్గితే కంప్రెషర్ అరిగింది. చిన్నది సున్నా వైపు పడిపోతే, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గరో తేమ పీల్చే డ్రయర్ దగ్గరో దారి మూసుకుంది.

లీకు ఎక్కడ?

గ్యాస్‌తో పాటు నూనె కూడా బయటికి వస్తుంది. కాబట్టి దుమ్ము జిడ్డుగా అంటుకున్న చోటు మొదటి ఆచూకీ. పైపుల అతుకులు, కండెన్సర్ కింది భాగం, కంప్రెషర్ ముందు సీలు వరసగా చూడండి. అందరూ మరిచేది గ్యాస్ నింపే మూతి కింది చిన్న వాల్వు. మూత తీసి సబ్బునురగ వేసినప్పుడు బుడగలొస్తే లీకు అక్కడే. అది మార్చడం, అతుకుల్లోని ఓ రింగులు (రబ్బరు వలయాలు) మార్చడం చౌకైన పనులే. ఓ రింగు ఆర్134ఏకి పనికొచ్చేదే అయి ఉండాలి. కంప్రెషర్ నూనె పూసి బిగించాలి.

బయట ఎక్కడా దొరకకపోతే కూలింగ్ కాయిల్ మిగులుతుంది. దానికి డ్యాష్‌బోర్డు విప్పాలి, కూలీ ఎక్కువ. ఒప్పుకునే ముందు బ్లోయర్ రెసిస్టర్ తీసిన సందులోంచి గ్యాస్ డిటెక్టర్ మొన పెట్టి చూడమనండి. లీకు మూసే డబ్బా మందులు పోయించకండి, అవి ఎక్స్‌పాన్షన్ వాల్వునే మూసేస్తాయి.

గ్యాస్ నింపించేటప్పుడు

లీకు బాగుచేశాక కనీసం 30 నిమిషాలు వ్యాక్యూమ్ పెట్టి (పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి), గేజీలు మూసి 15 నిమిషాలు ఆగమనండి. ముల్లు పైకి లేస్తే లీకు ఇంకా ఉంది, లేదా లోపల తేమ ఉంది. ఆ తర్వాత తూకం వేసి నింపాలి. బానెట్ కింది స్టిక్కరు మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. చిన్న కార్లకు తరచుగా 350 నుంచి 500 మధ్య. "పైపు చల్లబడేదాకా" నింపేవాడికి ఆ లెక్క తెలియదు. 100 గ్రాములు ఎక్కువైనా చల్లదనం తగ్గి కంప్రెషర్ మీద భారం పడుతుంది. మరీ చౌకగా దొరికే డబ్బాల్లో మంటలంటుకునే గ్యాస్ కలిసి ఉండే ప్రమాదం ఉంది. ద్రవరూపంలోని గ్యాస్ చర్మానికి తగిలితే గడ్డకట్టి పుండవుతుంది కాబట్టి కళ్లద్దాలు, చేతితొడుగులు లేకుండా మూతి దగ్గరికి వెళ్లకండి.

కంప్రెషర్ నుంచి శబ్దం

ఏసీ ఆపినా గరగర వినిపిస్తే పుల్లీ బేరింగ్ పోయింది, దాన్ని విడిగా మార్చొచ్చు. ఏసీ వేస్తేనే వినిపిస్తే లోపలి భాగాలు అరిగాయేమో చూడాలి. పైపు విప్పినప్పుడు నూనె నల్లగా, మెరిసే పొడితో ఉంటే కంప్రెషర్ ఒక్కటే మార్చి లాభం లేదు. సన్నటి గొట్టాల కండెన్సర్‌ను పూర్తిగా కడగడం కుదరదు కాబట్టి అదీ, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు కూడా మార్చాల్సిందే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత కంప్రెషర్ కొంటే షాఫ్టును చేత్తో తిప్పి చూడండి, పట్టేయకుండా నునుపుగా తిరగాలి. లోపలి నూనె ఒంపి రంగు చూశాకే డబ్బు ఇవ్వండి.