మట్టిలో నీళ్లు ఏ దారిన దిగుతున్నాయో రంగు పోసి ఎలా చూడాలి?

"మట్టే వడకడుతుందిలే" అంటూ సెప్టిక్ ట్యాంక్ పక్కనే బోరు వేసేవాళ్లు మన విశాఖలో మధురవాడ నుంచి పెందుర్తి దాకా కనిపిస్తూనే ఉంటారు. నీళ్లు నేలంతా సమానంగా తడుపుకుంటూ దిగవండీ. కుళ్లిన వేళ్లు వదిలిన గొట్టాలు, వానపాముల బొరియలు, ఎండకు విచ్చిన పగుళ్లు ఏవి దొరికితే వాటిలోంచి జారిపోతాయి, పక్క మట్టి పొడిగానే ఉండిపోతుంది. నమ్మకపోతే పెరట్లోనే చూసుకోండి, బావికీ బోరుకీ దూరంగా.

పార, గునపం, జల్లు మూత ఉన్న వాటరింగ్ క్యాన్, పాత కూరగాయల కత్తి, ఫోను చాలు. రంగు మాత్రం బ్రిలియంట్ బ్లూ ఎఫ్‌సీఎఫ్, మిఠాయిల్లో వేసేదే. చాలామంది మిథిలీన్ బ్లూ పోసి "చూశారా, పైనే ఆగిపోయింది" అంటారు. అది బంకమట్టికి గట్టిగా అంటుకునే రంగు, ఆగక ఏం చేస్తుంది!

అర మీటరు చదరం గుర్తు పెట్టుకుని గడ్డి కత్తిరించండి, పీకొద్దు. పీకితే మీరే కొత్త కన్నాలు చేసినట్టు. 10 లీటర్ల నీళ్లలో 40 గ్రాముల రంగు కలిపి, నిలవకుండా నెమ్మదిగా జల్లండి. 40 మిల్లీమీటర్ల వాన పడ్డట్టు లెక్క. పట్టా కప్పి ఒక రోజు వదిలెయ్యండి.

ఇక అందరూ పాడుచేసేది ఇక్కడే. రంగు పోసిన చోట నేరుగా పార వెయ్యొద్దు. జానెడు అవతల గొయ్యి తీసి, అక్కడి నుంచి పక్కగా లోపలికి కోసుకుంటూ రండి. చివరి నాలుగు వేళ్ల మందం పారతో కాదు, కత్తి మొనతో, చిన్న చిన్న పెళ్లలుగా ఊడదియ్యాలి. తాపీతో నున్నగా గీస్తే మన ఎర్రమట్టి అలుకు పెట్టినట్టు సాగుతుంది, కన్నాలు మూసుకుపోతాయి, నీలం అడ్డంగా పూసుకుని నీళ్లు సమానంగా దిగినట్టే కనిపిస్తుంది. మేస్త్రీ చేతికి తాపీ ఇచ్చారో, ఆ గొయ్యి గోడ పోయినట్టే! తడిబట్టతో తుడవడమూ వద్దు. పొరపాటున రాసుకుపోతే ఇంకో నాలుగు వేళ్లు లోపలికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. ఫోటో నీడలోనే తియ్యాలి, పక్కన స్కేలు పెట్టి.

బీచ్ వైపు ఇసుక నేలైతే గొయ్యి మోకాలి లోతు దాటనివ్వకండి, గోడ కూలుతుంది. అక్కడ బొరియలు లేకపోయినా పొడి ఇసుకలో నీళ్లు పాయలు పాయలుగా దిగడం కనిపిస్తుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల జోలికి మాత్రం వెళ్లొద్దు, అది రక్షిత ప్రాంతం.

ఎంత వెడల్పున నీలమైందని కాదు, అన్నిటికంటే లోతుకు దిగిన సన్నటి చార ఎక్కడుందో చూడండి. ఈ రంగు కూడా మట్టికి కొంత అంటుకుంటుంది. మురుగులోని నైట్రేట్ దాదాపు అంటుకోదు కాబట్టి, రంగు ఆగిన చోటు దాటి ఇంకా కిందికి పోతుంది.

పూడ్చేటప్పుడు జానెడు చొప్పున మట్టి వేసి కుమ్మండి. వదులుగా వదిలేస్తే ఆ గొయ్యే నీళ్లకు ఇంకో దారి.