పిల్లల పాటకి బొమ్మ అచ్చు వేయడం

పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లు ట్రెడిల్ మిషన్ (కాలితో తొక్కే అచ్చు యంత్రం) మీద శుభలేఖలు వేశాను, తెలుగులోనూ ఒడియాలోనూ. ఇప్పుడు ఆదివారాలు మా వీధి పిల్లల చేత పాటల పుస్తకం చేయిస్తున్నాను. వీళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బళ్లో మాత్రం ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరం దగ్గరికి వీళ్లని లాక్కొచ్చింది బొమ్మే. మీరూ చేయించండి.

ముందు పాత పుస్తకాలు చూపించండి. విక్టోరియా రాణి కాలం నాటి పిల్లల పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేను మొదట తీసేది ఇంగ్లీషు కవయిత్రి క్రిస్టినా రోసెట్టి పిల్లల పాటల పుస్తకం 'సింగ్-సాంగ్', 1872 నాటిది. చిన్న పాట, దాని నెత్తిన ఆర్థర్ హ్యూస్ బొమ్మ. రోసెట్టి తన రాతప్రతిలో పెన్సిల్‌తో తనే చిన్న చిన్న బొమ్మలు గీసుకుంది, హ్యూస్ వాటిని చూసుకుంటూ గీశాడు. ఈ సంగతి తప్పక చెప్పండి. బొమ్మ రాదని మొరాయించే పిల్లకి ధైర్యం వస్తుంది.

ఫోన్‌లో బొమ్మని పెద్దది చేసి గీతలు చూడమనండి. నీడ ఉన్నచోట దగ్గర దగ్గరగా, వెలుగు ఉన్నచోట ఎడంగా ఉంటాయి. ఉన్నవి నలుపూ తెలుపే. బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రని అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖం మీద బొమ్మ చెక్కేవారు, అదే అచ్చు దిమ్మ. దిమ్మ ఎత్తూ సీసం అక్షరం ఎత్తూ ఒకటే కాబట్టి పాటనీ బొమ్మనీ కలిపి బిగించి ఒకేసారి అచ్చు వేయొచ్చు. మా ప్రెస్సులో జింకు రేకుతో చేసిన బొమ్మల బ్లాకులకీ ఇదే లెక్క.

ఇక అసలు పని, ఏం గీయాలన్నది. ఇక్కడ తొందరపడకండి. రాండాల్ఫ్ కాల్డెకాట్ అనే ఇంగ్లీషు బొమ్మల ఆయన 1882లో 'హే డిడిల్ డిడిల్' అనే ఇంగ్లీషు పిల్లల పాటకి బొమ్మలు వేశాడు. కంచం చెంచాతో కలిసి పారిపోవడంతో పాట అయిపోతుంది. ఆయన మాత్రం ఇంకో బొమ్మ వేశాడు. కంచం ముక్కలై పడి ఉంటుంది, ఫోర్కూ కత్తీ అమ్మానాన్నల్లా చెంచాని వెంటబెట్టుకుని పోతుంటాయి. పాటలో లేనిది బొమ్మ చెప్పాలి. మా పిల్లలు కట్టిన పాట ఒకటుంది:

వానొచ్చింది, వంతెన తడిసింది,
తాత గొడుగు తలుపెనక దాక్కుంది.

ఒక పాప వాననీ వంతెననీ గొడుగునీ వరసగా గీసి తెచ్చింది. "మరి తాత ఏడమ్మా?" అన్నాను. రెండోసారి గుమ్మంలో తాతని నిలబెట్టింది, నెత్తిన చేటతో! ఆ పేజీ చూసినప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది.

దిమ్మకి థర్మాకోల్ ప్లేటు చాలు. అంచులు కోసేసి, చదునుగా ఉన్న ముక్క మీద సిరా అయిపోయిన పెన్నుతో నొక్కి గీయాలి. నొక్కినచోట రంగు అంటదు, గీత తెల్లగా పడుతుంది. అందుకని రాత్రి, వాన, దీపం ఉన్న పాటలు ముందు ఎంచుకోండి. పోస్టర్ కలర్ చిక్కగా ఉండాలి. స్పాంజితో పల్చగా అద్దండి, ఎక్కువైతే గీతలు పూడిపోతాయి. పైన కాగితం పరిచి, కదలకుండా పట్టుకుని, చెంచా వెనకవైపుతో రుద్దండి. మొదటి అచ్చు మచ్చలుగా వచ్చినా ఫరవాలేదు, అది ప్రూఫు, తప్పులు చూసుకోవడానికి తీసేది.

అక్షరాలు చెక్కించకండి. అవి తిరగబడి పడతాయి, వత్తులు పూడిపోతాయి. బొమ్మ కింద పెన్నుతో రాయించండి, వత్తుల కోసం లైన్ల మధ్య ఎడం బాగా వదలమనండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. పిల్ల 'తలుపెనక' అంటే నేను అలాగే రాయనిస్తాను, 'తలుపు వెనుక' అని దిద్దను.

కాగితాలు మధ్యకి మడిచి, మడత మీద మూడు కన్నాలు పొడిచి, లావు దారంతో కుట్టేయండి. ఎనిమిది కాగితాలు దాటితే మడత ఉబ్బుతుంది.

హ్యూస్ బొమ్మలు చెక్కింది డాల్జియల్ సోదరులు. వాళ్లు చెక్కిన చాలా బొమ్మల్లో కింద మూలన వాళ్ల పేరు సన్నగా ఉంటుంది, పిల్లల్ని వెతకమనండి. మీ పుస్తకంలోనూ ప్రతి బొమ్మ కింద పేర్లు వేయించండి: గీసిన పిల్ల, అచ్చు తీసిన పిల్లాడు, ఆ పాట చెప్పిన అమ్మమ్మ.