జీమ్యాట్ స్కోరును బిజినెస్ స్కూళ్లకు పంపడం ఎలా? దరఖాస్తు విధానం

ఎంబీఏ వంటి కోర్సుల్లో ప్రవేశానికి రాసే జీమ్యాట్ పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకుంటే సగం పనే అయినట్టు. మీ ఖాతాలో కనిపించే స్కోరు దానంతట అది ఏ బిజినెస్ స్కూలుకూ వెళ్లదు. మీరు ఎంచుకుని పంపితేనే చేరుతుంది. అందుకే పరీక్ష తేదీ కంటే ముందు తేల్చుకోవాల్సింది దరఖాస్తు గడువు.

ఎంబీఏ ప్రవేశాలు చాలా స్కూళ్లలో విడతలుగా జరుగుతాయి. మొదటి విడత గడువు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో, రెండోది జనవరిలో పడుతుంది. మళ్లీ రాయాల్సి వస్తే రెండు పరీక్షల మధ్య కనీసం 16 రోజుల ఎడం ఉండాలి. 12 నెలల్లో 5 సార్లకు మించి రాయనివ్వరు. కాబట్టి గడువుకు రెండు నెలల ముందైనా తొలిసారి రాసేయడం మంచిది. గడువు వారంలో పరీక్ష పెట్టుకునేవారి ధైర్యాన్ని మెచ్చుకోవచ్చు కానీ అనుసరించకూడదు.

నమోదు ఎంబీఏ డాట్ కామ్‌లో చేసుకోవాలి. ఇక్కడ పేరు దగ్గర కాస్త ఆగండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, నమోదులో పొడి అక్షరం మాత్రమే వేస్తే పరీక్ష రోజున లోపలికి పంపకపోవచ్చు. కట్టిన రుసుము కూడా పోతుంది. పాస్‌పోర్టును ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి.

ఇప్పుడు పరీక్ష 2 గంటల 15 నిమిషాలు. క్వాంటిటేటివ్ (గణితం), వెర్బల్ (ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం, తర్కం), డేటా ఇన్‌సైట్స్ (పట్టికలు, గ్రాఫుల విశ్లేషణ) అని మూడు విభాగాలు, ఒక్కోదానికి 45 నిమిషాలు; ఏది ముందు రాయాలో మీ ఇష్టం. మొత్తం స్కోరు 205 నుంచి 805 వరకు ఉంటుంది, చివరి అంకె ఎప్పుడూ 5. పాత పరీక్షలో స్కోరు 200 నుంచి 800 వరకు ఉండేది. ఆ లెక్కతో 700 రాలేదని బెంగపడేవారు ఇప్పటికీ ఉన్నారు. పాత 700కు ఇప్పుడు దాదాపు 645 సమానం. సీనియర్లు చెప్పిన అంకెలను పక్కనపెట్టి, స్కోరు పత్రంలోని పర్సెంటైల్ (మీకంటే తక్కువ స్కోరు వచ్చినవారు ఎంత శాతమో చెప్పే అంకె) చూడండి.

అసలు మెలిక స్కోరు పంపడంలో ఉంది. అధికారిక స్కోరు సాధారణంగా కొద్ది రోజుల్లోనే ఖాతాలోకి వస్తుంది. అప్పటి నుంచి 48 గంటల్లోగా 5 కోర్సులకు ఉచితంగా పంపుకోవచ్చు. ఆ తర్వాత పంపే ప్రతి నివేదికకూ రుసుము ఉంటుంది. పరీక్షకు ముందే స్కూళ్ల జాబితా రాసి పెట్టుకోకపోతే ఈ రెండు రోజులూ ఆలోచనలకే సరిపోతాయి. ఒకే స్కూల్లో వేర్వేరు కోర్సులుంటే, మీరు దరఖాస్తు చేసే కోర్సునే ఎంచుకున్నారో లేదో చూసుకోండి. స్కోరు నచ్చకపోతే పంపనక్కర్లేదు. మీరు పంపిన స్కోరునే స్కూళ్లు చూస్తాయి, మిగతా ప్రయత్నాలు వాటికి తెలియవు. ఉచితం కదా అని తక్కువ స్కోరును పంపేయడం మాత్రం తెలివైన పని కాదు.

స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది. దరఖాస్తు ఫారంలో మీరు స్వయంగా రాసే స్కోరుతో తొలి పరిశీలన జరిపే స్కూళ్లు చాలానే ఉన్నాయి. అయితే ఆ తర్వాత అధికారిక నివేదికతో సరిపోలుస్తారు. ఒక్క అంకె తేడా వచ్చినా సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే. జీమ్యాట్ నమోదులోనూ, స్కూలు దరఖాస్తులోనూ ఒకే పేరు, పుట్టిన తేదీ, ఈమెయిల్ ఇస్తే నివేదికను మీ దరఖాస్తుకు జతచేయడం వారికి తేలిక. పంపిన వారం తర్వాత కూడా దరఖాస్తు ఖాతాలో స్కోరు అందినట్టు కనిపించకపోతే ప్రవేశాల విభాగానికి మెయిల్ చేయండి.