కంటితో ఆకాశ కొలత – 4వ పాఠం: హెన్రియెటా లెవిట్ పలకలు, శ్రవణం కింద మిణుకుమనే చుక్క

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను: శ్రవణా నక్షత్రం చుట్టుపక్కల చుక్కల్ని పటం చూడకుండా వేలితో చూపించగలగాలి. అది వచ్చాకే ఈ పాఠంలోకి రండి. రాకపోతే ఇంకో రెండు రాత్రులు మేడ మీద చాప వేసుకోండి. ఇవాళ నేర్చుకునేదంతా పక్క చుక్కల మీదే ఆధారపడి ఉంటుంది, వాటిని తడుముకుంటూ కూర్చుంటే అసలు పని సాగదు.

నేటి పని ఒక్క ముక్కలో చెప్తాను. ఒక నక్షత్రం వెలుగు రోజురోజుకీ మారుతుంటుంది. ఏ పరికరమూ లేకుండా, పక్కనున్న మారని చుక్కలతో పోల్చి, దానికి మీరు అంకె వేస్తారు. వినడానికి చిన్న పనే. విశ్వం ఎంత పెద్దదో తేల్చిన కొలబద్ద మాత్రం ఇలాంటి పోలికల్లోంచే పుట్టింది. దాన్ని పుట్టించిన మనిషి హెన్రియెటా స్వాన్ లెవిట్.

లెవిట్ 1868 జులై 4న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టింది. చదువు ముగిశాక హార్వర్డ్ వేధశాలలో మొదట జీతం లేకుండా పనిచేసింది. తర్వాత గంటకు 30 సెంట్ల మీద కుదిరింది. అప్పట్లో ఆ వేధశాలలో విలియమినా ఫ్లెమింగ్, ఆనీ జంప్ కానన్ లాంటి ఎందరో ఆడవాళ్లు పనిచేసేవారు. వాళ్లను 'కంప్యూటర్లు' అని పిలిచేవారు. ఆ రోజుల్లో ఆ మాటకు లెక్కలు కట్టే మనిషి అనే అర్థం. లెవిట్‌కు వినికిడి శక్తి క్రమంగా తగ్గిపోయింది. కన్ను మాత్రం ఎంత నిఖార్సైనదో ఆమె వదిలివెళ్లిన అంకెలు చూస్తే తెలుస్తుంది.

ఆమె రోజంతా చూసింది ఆకాశాన్ని కాదు, గాజు పలకల్ని. దక్షిణ అమెరికాలో, పెరూ దేశపు అరెకిపాలో హార్వర్డ్ వాళ్లకు ఒక కేంద్రం ఉండేది. అక్కడ దూరదర్శినికి గాజు పలకలు బిగించి ఆకాశాన్ని ఫొటో తీసి ఓడల్లో పంపేవారు. పలక మీద అంతా తిరగబడి ఉంటుంది: ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లటి చుక్కలుగా. ఎంత వెలుగైన నక్షత్రమైతే అంత పెద్ద మచ్చ. పలకను వాలుగా ఉన్న చట్రంలో నిలబెట్టి, కింద అద్దంతో కిటికీ వెలుతురును దాని గుండా పంపి, చేతిలో భూతద్దంతో ఒక్కో మచ్చనూ చూడాలి. (ఇలాంటి గాజు పలకలు మన దగ్గరా ఉండేవి. హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా వేధశాల ప్రపంచ నక్షత్ర పట్టికలో తన వంతు భాగాన్ని ఇలా ఫొటోలు తీసి, కొలిచే పూర్తిచేసింది.)

వేల మచ్చల్లో మారుతున్నది ఏదో ఎలా పట్టుకోవాలి? దానికి ఒక ఉపాయం ఉంది. ఒక రాత్రి తీసిన పలకను నల్ల చుక్కలతో అలాగే ఉంచుతారు. ఇంకో రాత్రి తీసిన దాన్నుంచి తెల్ల చుక్కల ప్రతి చేస్తారు. రెండూ ఒకదానిమీద ఒకటి పెడితే, మారని నక్షత్రాల్లో నలుపూ తెలుపూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. మారిన నక్షత్రం దగ్గర మాత్రం అంచు పొసగదు, అక్కడ నల్లగానో తెల్లగానో మిగులు కనిపిస్తుంది. అలా దొరికిన నక్షత్రం ఏ రాత్రి ఎంత వెలిగిందో తేల్చడానికి ఆమె చేతిలో పిడి ఉన్న చిన్న గాజుముక్క ఉండేది. దాని మీద చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా మచ్చలుంటాయి. నక్షత్రం మచ్చ పక్కన దాన్ని ఆనించి, ఇది నాలుగో మచ్చంతా, అయిదో మచ్చంతా, రెండింటికీ మధ్యా అని కంటితోనే తేల్చాలి. మీరు ఈ రాత్రి చేయబోయేది కూడా ఇదే. మీకు గాజుముక్క బదులు ఆకాశంలో పక్క చుక్కలుంటాయి, అంతే.

మెజిల్లానిక్ మేఘాలు అనే నక్షత్రాల గుంపులు రెండింటిలో ఆమె ఇలా 1,777 చర తారల్ని, అంటే వెలుగు మారే నక్షత్రాల్ని పట్టింది. 1908లో ఆ పట్టిక అచ్చయింది. మొత్తం జీవితంలో పట్టినవి సుమారు 2,400. ఆ కాలానికి ప్రపంచానికి తెలిసిన చర తారల్లో దాదాపు సగం అవి. 1908 పట్టికలోనే, 16 నక్షత్రాల దగ్గర ఆమె ఒక సంగతి గమనించింది: వెలుగు ఎక్కువున్నవి నింపాదిగా మారుతున్నాయి, మసకవి గబగబా మారుతున్నాయి. ఒక్క వాక్యంలో అది రాసి ఊరుకుంది. నాలుగేళ్ల తర్వాత, 1912లో, చిన్న మెజిల్లానిక్ మేఘంలోని 25 నక్షత్రాలతో గీత గీసి చూపించింది. వెలుగు ఒకసారి పెరిగి, తగ్గి మళ్లీ మొదటికి రావడమే ఒక చుట్టు. ఆ చుట్టుకు పట్టే కాలం తెలిస్తే చాలు, ఆ నక్షత్రం అసలు వెలుగు చెప్పేయవచ్చు. అసలు వెలుగును మనకు కనిపించే వెలుగుతో పోలిస్తే దూరం తేలుతుంది.

ఇక్కడ ఆగి ఒక చిక్కు విప్పుకోవాలి. ఆకాశంలో మసకగా కనిపించే చుక్క నిజంగానే మసకదా, లేక దూరంగా ఉందా? మామూలుగా తేలే విషయం కాదు ఇది. రాత్రిపూట తిరుపతిలో నిలబడి తిరుమల కొండ మీది దీపాలను చూడండి. ఆ దీపాలన్నీ మీకు ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నాయి. కాబట్టి అక్కడ పెద్దగా కనిపించే దీపం నిజంగానే పెద్ద దీపం. మీ వీధి దీపాన్ని కొండ మీది దీపంతో పోలిస్తే అలా చెప్పలేరు. లెవిట్ చిన్న మెజిల్లానిక్ మేఘాన్ని ఆ కొండలా వాడుకుంది. అందులోని నక్షత్రాలన్నీ మనకు దాదాపు ఒకే దూరం అని ఆమె స్పష్టంగా రాసింది. నా దృష్టిలో ఆ పత్రంలోని అసలు మేధ ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ పత్రం కింద సంతకం వేధశాల అధిపతి ఎడ్వర్డ్ పికరింగ్‌ది. మిస్ లెవిట్ సిద్ధం చేసిన వివరం అని మొదటి వాక్యంలో చెప్పాడు, నిజమే. అయినా ఆ నియమం వెంట పరుగెత్తే అవకాశం ఆమెకు రాలేదు, ఆమెను వేరే కొలతల పనిలో పెట్టారు. అది నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. 1921 డిసెంబర్ 12న ఆమె కేన్సర్‌తో చనిపోయింది. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా అనే నక్షత్రాల గుంపులో అలాంటి నక్షత్రాన్నే పట్టి, ఆ గుంపు మన పాలపుంతకు ఎంతో అవతల ఉందని తేల్చింది లెవిట్ ఇచ్చిన కొలబద్దతోనే. 1925లో స్వీడన్ గణితవేత్త మిట్టాగ్-లెఫ్లర్ నోబెల్ బహుమతికి ఆమె పేరు ప్రతిపాదించాలని ఉత్తరం రాశాడు. ఆమె చనిపోయి అప్పటికి మూడేళ్లు దాటిందని ఆయనకు తెలియదు. చుట్టు కాలానికీ అసలు వెలుగుకూ ఆమె చూపించిన ఆ లంకెను ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు 'లెవిట్ నియమం' అనే రాస్తున్నారు. ఈ పాఠాల్లో మనమూ అలాగే పిలుద్దాం.

ఇక మన చుక్క దగ్గరికి వద్దాం. ఆమె చూసిన మేఘం మన ఆకాశంలో దక్షిణపు అంచుకు అంటుకుని ఉంటుంది, మనకు పనికిరాదు. కానీ ఆ జాతి నక్షత్రమే ఒకటి మన నెత్తిమీదే ఉంది. శ్రవణం అంటే మూడు చుక్కలు, త్రివిక్రముడి మూడు అడుగులని పెద్దలు చెప్పేది వీటినే. నడుమ ఉన్న పెద్ద చుక్క నుంచి దక్షిణంగా, చేయి చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి కన్నా కాస్త తక్కువ దూరంలో, ఈటా అక్విలే ఉంది. (ఈటా, డెల్టా, థీటా లాంటివి ఇక్కడి చుక్కలకు పెట్టిన గ్రీకు అక్షరాల పేర్లు.) ఇంకా తేలిక గుర్తు కావాలంటే, దక్షిణం వైపు తిరిగి నిలబడండి. కుడివైపు కాస్త పైన డెల్టా, ఎడమవైపు కాస్త కింద థీటా. ఆ రెంటినీ కలుపుతూ గీత ఊహించుకుంటే, దాదాపు సరిగ్గా నడుమ ఉన్నదే ఈటా. సెప్టెంబర్ మధ్యలో రాత్రి ఎనిమిది గంటలకు ఇదంతా బాగా ఎత్తులో ఉంటుంది. జులై నుంచి నవంబర్ దాకా చూడవచ్చు.

ఈటా వెలుగు మారుతోందని 1784 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని యార్క్ పట్టణంలో ఎడ్వర్డ్ పిగట్ గుర్తించాడు. కొద్ది వారాలకే అతని స్నేహితుడు జాన్ గుడ్రిక్ డెల్టా సెఫీ అనే ఇంకోదాన్ని పట్టాడు. దాని పేరుమీదే ఈ జాతికంతటికీ సెఫీడ్‌లు అని పేరొచ్చింది. గుడ్రిక్ చెవిటివాడు, 21 ఏళ్లకే చనిపోయాడు. శ్రవణం అంటే వినడం కదా. ఆ చుక్కల కింద కూర్చున్నప్పుడల్లా నాకు వినలేని గుడ్రిక్, లెవిట్ ఇద్దరూ గుర్తొస్తారు.

పోల్చడానికి మూడు చుక్కలు చాలు. ఈటాకు కుడివైపు చూపించిన డెల్టా (డెల్టా సెఫీ కాదు) వెలుగు అంకె 3.4. శ్రవణంలోని మూడు చుక్కల్లో దక్షిణం వైపు ఉన్న మసక చుక్క బీటా, 3.7. ఈటాకు కుడివైపు కాస్త కిందుగా, చేయి చాపితే మూడువేళ్ల వెడల్పుకు కొంచెం లోపు, అయోటా, 4.4. అంకె పెరిగేకొద్దీ మసక అని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. ఈటా సుమారు 3.5కూ 4.4కూ మధ్య ఊగుతుంది, అంటే ఎప్పుడూ ఈ మూడింటి పరిధి దాటదు.

ఇలా చేయండి. ఇరవై నిమిషాలు చీకటిలో ఉండి కళ్లను అలవాటు చేసుకోండి. ఫోన్ ముట్టుకోకండి. ఈటా ఏ రెండింటి నడుమ ఉందో ముందు తేల్చుకోండి. డెల్టా కన్నా మసక, బీటా కన్నా వెలుగు అనిపించిందనుకోండి. డెల్టా నుంచి బీటా దాకా ఉన్న దూరాన్ని మనసులో మూడు మెట్లుగా చేసి, ఈటా డెల్టా నుంచి ఎన్ని మెట్లు దిగిందో చూడండి. ఒక మెట్టే దిగితే, 3.4కూ 3.7కూ తేడా 0.3, అందులో మూడోవంతు 0.1, కాబట్టి ఈటా 3.5. ఇంకో రాత్రి అది బీటాకూ అయోటాకూ సరిగ్గా నడుమ ఉందనుకోండి. తేడా 0.7, అందులో సగం 0.35. దాన్ని 3.7కు కలిపితే 4.05. పుస్తకంలో 4.0 అనో 4.1 అనో రాయండి. రెండో దశాంశం మీ కన్ను ఇవ్వలేదు, ఇచ్చినట్టు రాయకూడదు. తేదీ, గంట, పోల్చిన చుక్కల పేర్లు, అంకె, ఆకాశం ఎలా ఉందో ఒక మాట. అంతే.

తప్పులు ఎక్కడ వస్తాయో చెప్పాలి. పెద్దది ఇదీ: నిన్నటి అంకె చూసుకుని ఇవాళ చూడటం. నిన్న 3.8 అయితే ఇవాళ కాస్త తగ్గి ఉండాలి అని మనసు ముందే తీర్పు ఇచ్చేస్తుంది, కన్ను తలూపుతుంది. రాసిన పేజీని క్లిప్పుతో మూసేయండి. రెండోది, శ్రవణంలో పైన ఉన్న గామాతో పోల్చకండి. అది ఈటా కన్నా ఎప్పుడూ వెలుగైనదే, పైగా నారింజ రంగుది. ఎరుపు వైపు మొగ్గే చుక్కల్ని చూసే కొద్దీ అవి ఇంకా వెలుగైనట్టు అనిపిస్తాయి. ఇంకా, ఒకే చుక్కను గుచ్చి చూడకుండా చూపును అటూ ఇటూ తిప్పుతూ పోల్చండి. చుక్కలు చెట్ల మీదికి వాలాక కొలవకండి. నిండు చంద్రుడున్న రాత్రులు సెలవు. శ్రావణ పౌర్ణమి నాడైతే మరీ, ఆ నెలకు ఆ పేరొచ్చిందే చంద్రుడు ఈ నక్షత్రం దగ్గర నిండుకోవడం వల్ల. బహుళ పక్షంలో దశమి దాటాక మొదలుపెడితే మేలు.

ఈటా ఒక చుట్టు పూర్తిచేయడానికి 7 రోజుల 4 గంటల 14 నిమిషాలు పడుతుంది. అంటే 7.18 రోజులు. ఇందులో ఒక ఉచ్చు ఉంది, గమనించండి. ఆదివారమే తీరిక దొరుకుతుందని వారానికోసారి ఎనిమిది గంటలకు చూస్తే, ప్రతిసారీ చుట్టులో దాదాపు ఒకే చోట పట్టుకుంటారు, నాలుగు గంటల తేడాతో. నెల చూసినా ఇది పెద్దగా మారడం లేదే అనిపిస్తుంది. కాబట్టి వరస రాత్రులు కావాలి. నడుమ ఒకటి రెండు పోయినా ఫరవాలేదు.

మూడు వారాల అంకెలు చేరాక గ్రాఫు కాగితం తీయండి. అడ్డంగా 0 నుంచి 7.18 దాకా రోజులు, నిలువుగా వెలుగు. నిలువు గీతలో 3.4 పైన, 4.4 కింద రావాలి. మొదటి రాత్రి 0 రోజు. 9వ రోజు కొలతకు 9 లోంచి 7.18 తీసేయండి, 1.82 దగ్గర చుక్క పెట్టండి. 16వ రోజుకు రెండు చుట్లు, అంటే 14.36 తీసేస్తే 1.64. ఇలా మూడు చుట్లనూ ఒకే చుట్టు మీదికి మడిచేస్తున్నాం. ఆ రెండు చుక్కలూ దగ్గర దగ్గరగా పడ్డాయా లేదా చూడండి. మీ కన్ను ఎంత నిలకడగా ఉందో అవే చెబుతాయి.

ఆ గీత ఏ ఆకారంలో వస్తుందో ఇప్పుడు చెప్పను. చెబితే మీకు అదే కనిపిస్తుంది. ఎక్కుడుకూ దిగుడుకూ ఒకే సమయం పట్టిందా, దారిలో ఎక్కడైనా తడబడిందా, మీ చుక్కలే చూపించాలి. వచ్చే పాఠంలో ఆ గీత నుంచి సగటు వెలుగు తీసి, లెవిట్ నియమంలో పెట్టి, ఈటా మనకు ఎన్ని కాంతి సంవత్సరాల దూరమో లెక్క కడదాం. కనీసం 12 రాత్రుల అంకెలు కావాలి. మబ్బు పట్టిన రాత్రి పేజీ ఖాళీగా వదలకండి, తేదీ వేసి 'మబ్బు' అని రాయండి.